మడ్డి గోడలు

తీపికి కూడా కుళ్లు వాసన ఉంటుందంటే మీరు నమ్మకపోవచ్చు. చెరుకు నరికే కాలంలో బోధన్ దిక్కు నాలుగు రోజులు ఉండి వెళ్లినవాళ్లు నమ్ముతారు. చక్కెర తీసేశాక మిగిలే నల్లటి జిగట పాకాన్ని మేము మడ్డి అంటాం. ఎండకు అది పులిసిందంటే గాలి వచ్చి నాలుకకు అంటుకున్నట్టు ఉంటుంది. ఆ మడ్డితో కట్టిన ఇంట్లో నేను పదకొండు రోజులు కాపురం చేశాను. ఇప్పటికీ ఎవరైనా పాయసం గిన్నె చేతిలో పెడితే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తాను.

మా ఆయన చెరుకు బండి తోలేవాడు. బండీ ఆయనది కాదు, ఎడ్లూ ఆయనవి కావు. ఊరి అవతల బండ్లు ఆగే మైదానం వెనక మా గుడిసెల వరుస. తొమ్మిది గుడిసెలు, అన్నిటికీ చెరుకు ఆకే కప్పు. పదో గుడిసె ఒకటి దూరంగా కాలువ గట్టు మీద ఉండేది. అది మా అత్తది, మా ఆయన తల్లిది.

ఆమె అంత దూరాన ఎందుకుందో చెప్పాలి. ఆమెకు పెద్దరోగం, అంటే కుష్టు, వచ్చింది. డిచ్‌పల్లి దవాఖానలో నాలుగేండ్లు ఉండి, నయం చేసుకుని వచ్చింది. నయమైందని అక్కడ రాసిచ్చిన కాగితాన్ని ఒక రేకు డబ్బాలో దాచుకునేది. రోగం పోయింది గానీ పోతూ పోతూ రెండు చేతుల వేళ్లనూ సగానికి తినేసి పోయింది. ఇంట్లోవాళ్లతో కలిసి ఉండవచ్చని కాగితంలో రాసి ఉంది. ఆ కాగితం మాట మేము వినలేదు. ఆమె కూడా అడగలేదు, గట్టు మీద తన గుడిసె తానే వేసుకుంది. పిల్లల్ని చూడ్డానికి మా వాకిట్లోకి వస్తే దాహానికి ఒక సత్తు చెంబు వేరే పెట్టాను. బయట గుంజకు మేకు కొట్టి ఆ చెంబును దానికి తగిలించాను. ఆ మేకు కొట్టింది నేనే, మా ఆయన కాదు. ఆ మాట ఇంకెవరి మీదికీ నెట్టను.

మా అత్త పెండ్లికి ముందు నుంచీ సున్నం పని చేసిన మనిషి. డంగు సున్నం నూరే గానుగ దగ్గర ఎద్దు వెనక తిరిగేదట. ఇసుక ఎంత, ఇటుక పొడి ఎంత, బెల్లం నీళ్లు ఎప్పుడు చిలకరించాలి, అన్నీ ఆమె చెప్పాకే మేస్త్రీలు తాపీ పట్టేవాళ్లట. సున్నాన్ని రెండు వేళ్ల మధ్య నలిపి, చెవి దగ్గర పెట్టుకుని గరగర విని, "ఇంక కాలే" అనేదట. వేళ్లు పోయాక కూడా తన గుడిసె గోడలు తానే పూసుకుంది. అవి గుడ్డు పెంకులా ఉండేవి.

ఒక ఏడు హోళీ పోయిన వారానికి మా వరుసలో నిప్పు లేచింది. ఎవరి పొయ్యిదో తెలియదు. చెరుకు ఆకు అంటుకుంటే ఆగుతుందా? బిందె తెచ్చేలోపే తొమ్మిదీ బూడిదయ్యాయి. గట్టు మీది గుడిసె మాత్రం మిగిలింది. మేము ఆమెను దూరం పెట్టాం కాబట్టి ఆమె మిగిలింది.

నలుగురు పడుకునే జాగా ఉన్న గుడిసె కళ్ల ముందు ఉండగా మేము బండ్ల కింద పడుకున్నాం. తెల్లారి ఆమె కుండ నిండా మక్కగట్క వండి తెచ్చి, అల్లంత దూరంలో నేల మీద పెట్టి, "పిల్లలకు పెట్టు బిడ్డ, వేడిగుంది" అని వెళ్లిపోయింది. ఆమె గట్టు ఎక్కేదాకా చూసి, ఆ గట్కను కుక్కకు పోశాను. నా పిల్ల పక్కనే నిలబడి ఆకలితో చూస్తోంది. కుక్క తింటున్న చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇక ఆ సంఘం సంగతి. నిజామాబాద్ పట్నంలో పేదవాళ్లకు ఇండ్లు కట్టించే సేవాసంఘం ఒకటి ఉందని, మనకూ కడతారని చెప్పారు. మేమంతా ఆకాశం దిక్కు దండం పెట్టాం. ఆదివారం ఆదివారం లారీ వచ్చేది. పట్నం కాలేజీ పిల్లలు, ఇద్దరు ముగ్గురు వకీళ్లు, వాళ్లకు ఒక పెద్ద. మడత నలగని తెల్లబట్టలు, ముక్కు దగ్గర జేబురుమాలు. దిగగానే జై కొట్టేవాళ్లు. ఎవరికి జై కొట్టారో గానీ ఇటుకలు దింపింది మాత్రం మా ఆడవాళ్లం. వాళ్లు వరుసగా నిలబడి ఒక్కో ఇటుక చేయి మార్చుకుంటుంటే ఫోటో మనిషి ఫోటోలు తీసేవాడు. ఫోటో అయ్యాక ఇటుక మళ్లీ నేల మీదికే వచ్చేది. పన్నెండు గంటలకు పొట్లాలు విప్పుకుని ఉప్మా తినేవాళ్లు. మా పిల్లలు చుట్టూ చేరితే, "వెళ్లండమ్మా, ఈగలొస్తాయి" అనేవాళ్లు. మా కుండలో నీళ్లు తాగలేదు, తమ నీళ్లు తామే క్యానులో తెచ్చుకున్నారు. సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని లారీ ఎక్కేవాళ్లు. మా మట్టి ఒక్క రవ్వ కూడా పట్నం దాకా పోనిచ్చేవాళ్లు కాదు.

మొదటి ఆదివారమే ఇండ్లు రాసుకుంటూ పెద్దాయన మా దగ్గరికి వచ్చాడు.

"ఆ గట్టు మీద ఉండేది ఎవరు?"

"మా అవ్వ, సార్" అన్నాడు మా ఆయన.

"ఆమె కూడా ఈ ఇంట్లోకి వస్తుందా?"

మా అత్త అప్పటికే డబ్బా తెరిచి కాగితం పట్టుకుని వచ్చింది. "అయ్యా, గిదో కాగితం. నాకు మొత్తం నయమైందని రాసిచ్చిండ్రు. జర సదువుండ్రి."

ఆయన చేయి చాపలేదు. మెడ మాత్రం ముందుకు చాపి, రెండు గజాల దూరం నుంచే చదివాడు. చదివి, "సంతోషం తల్లీ, చాలా సంతోషం" అన్నాడు. తర్వాత మా ఆయన దిక్కు తిరిగి గొంతు తగ్గించాడు.

"చూడవయ్యా, గోడకు గోడ ఆనించి కడుతున్నాం. పక్కవాళ్లు ఒప్పుకోవాలి గదా. ఆమెకు అక్కడ గాలీ వెలుతురూ బాగానే ఉన్నాయి. ఆమె అక్కడే ఉంటుందంటే నీ పేరు రాస్తాను."

మా ఆయన తల ఊపాడు. నేను ఊపలేదు, నోరు కూడా తెరవలేదు. మా అత్త కాగితాన్ని మళ్లీ నాలుగు మడతలు పెట్టుకుంది. వేళ్లు లేని చేతులతో మడత పెట్టడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఎవరూ కదలలేదు, ఎవరూ సాయం పట్టలేదు.

గోడలు లేచే రోజుకు బోధన్ బజారు నుంచి ఒక ముసలి మేస్త్రి సాబ్ తనంత తానే వచ్చాడు. ఊరికే పని చేసిపెడతానన్నాడు. పూర్వం మా అత్త సున్నం నూరిన గానుగ దగ్గర ఆయనా పని చేశాడు. సామాను చూసి ఆయన మొహం మాడిపోయింది. సున్నం బస్తాలు తక్కువ, ఎర్రమట్టి గుట్టలు ఎక్కువ. పక్కన ఎక్కడి నుంచో ఊరికే దొరికాయని తెచ్చిన మడ్డి పీపాలు ఎనిమిది.

పెద్దాయన ఒక పీపా మీద చేయి వేసి పిల్లలకు పాఠం చెబుతున్నాడు. "పూర్వం కోటలు బెల్లం కలిపి కట్టారు. అందుకే ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మనకు ఇక్కడ బెల్లం చెరువే ఉంది. సున్నం తక్కువైతే ఏం? ఇది దండిగా పోయండి!"

"సార్, గట్ల కాదు" అన్నాడు మేస్త్రి సాబ్. "తీపి అంటే కూరల ఉప్పు లెక్క. ఎక్కువైతే ఖరాబ్."

ఇంజనీరు చదువుతున్న పిల్లవాడు నవ్వాడు. "తాతా, నీ కాలం వేరు."

"కాలం వేరే బేటా, సున్నం అదే" అని ఆయన తాపీ సంచీ భుజాన వేసుకుని పోయాడు.

వాళ్లు పోశారు. మట్టిలో బిందెల కొద్దీ మడ్డి పోసి, పారలతో తిప్పుతూ పాటలు పాడారు. చూడ్డానికి నల్లగా, మెరుస్తూ, పేడలో నూనె పోసినట్టు ఉంది. మేము, రోజూ మడ్డి పక్కనే బతికే మేము, అది ఏమవుతుందో తెలిసి కూడా చూస్తూ నిలబడ్డాం. పెట్టే చేతికి ఎదురు చెబితే ఇల్లు పోతుందని భయం.

మా అత్తకు ఆ భయం లేదు, ఆమె ఇల్లు ఎప్పుడో పోయింది. గట్టు దిగి వచ్చి, వంగి, కుప్పలోంచి కొంచెం తీసుకుని రెండు మొండి వేళ్ల మధ్య నలిపింది.

"అయ్యా, ఇది గోడ కాదు, సీమల పెండ్లి బువ్వ. గంపెడు సున్నానికి దోసెడు బెల్లం నీళ్లు, గంతే. మిరుగం సినుకు పడ్డదంటే ఇది పాకమై కారుతది. జర నా మాటినుండ్రి."

"అమ్మా! ముట్టొద్దు!" అని పెద్దాయన కేక వేశాడు.

ఇంజనీరు పిల్లవాడు పార తెచ్చి, ఆమె చేయి పెట్టిన చోట చుట్టూ గీత గీసినట్టు తవ్వి, ఆ ముద్దను ఎత్తి దూరంగా విసిరాడు. పారను కూడా నీళ్లు పోసి కడిగాడు.

మా అత్త కాసేపు ఆ విసిరిన ముద్ద వైపు చూసింది. "మంచిగ చేసినవ్ కొడుకా" అన్నది. "మిగిలింది గూడ గట్లనే పారేస్తే ఈ పిల్లలు బతుకుతరు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆమె గట్టెక్కి పోయింది. ఆ వేళ నాకు ఎవరి మీద ఎక్కువ అసహ్యం వేసిందో చెప్పలేను. ఆ పార కడగడం చూస్తుంటే, ఇంటి బయట గుంజకు నేను కొట్టిన మేకు కళ్ల ముందు ఆడింది. అంతే తేడా. వాడిది పార, నాది మేకు.

ఇండ్లు లేచాయి. రేకులు కప్పారు. రిబ్బను కత్తిరించారు. మా మెడల్లో దండలు వేయలేదు, వాళ్ల మెడల్లో వాళ్లే వేసుకున్నారు. మేము చప్పట్లు కొట్టాం.

మొదటి రోజు ఈగలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, గోడకు నల్లటి దుప్పటి కప్పినట్టు. చేయి ఆడిస్తే లేచి మళ్లీ అక్కడే వాలేవి. రెండో రోజు చీమలు. ఎర్రవి, నల్లవి, రెక్కలవి. పొయ్యి గట్టు మీద చీమలు, ఉప్పు డబ్బాలో చీమలు, పిల్ల చెవిలో చీమలు. పిండి జల్లెడ పడితే పిండి కన్నా చీమలే ఎక్కువ. గోడకు వీపు ఆనించి కూర్చుంటే రవిక అంటుకుపోయేది, లాగితే చర్రున ఊడి వచ్చేది. ఎండ ముదిరిన కొద్దీ గోడ పులిసింది. ఇంట్లో కల్లు కుండ కక్కినట్టు కంపు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంటే గోడను నాకుతున్నట్టే ఉండేది. మూడిండ్ల అవతలి ఆమె గర్భిణి, రోజూ వాంతులే.

మా ఆయన పట్నం పోయి సంఘం పెద్దకు చెప్పాడు. "కొత్త ఇల్లు గదా, అలవాటవుతుంది. ముందు శుభ్రంగా ఉండటం నేర్చుకోండి" అన్నాడట. శుభ్రం! ఈగలు మావట, చీమలు మావట, కంపు మా ఒంటిదట.

పదకొండో రోజు మధ్యాహ్నం మిరుగం వాన, మృగశిర కార్తె తొలి వాన, దంచింది. గోడలు చెమట పట్టాయి. తర్వాత కారడం మొదలుపెట్టాయి. బురదరంగు రసం చారలు చారలుగా దిగి, నీళ్ల కుండలో పడింది, కూర గిన్నెలో పడింది, ఉయ్యాలలో పడుకున్న చిన్నదాని మొహం మీద పడింది. అది దాన్ని చప్పరించింది. అంతలో వెనక గోడ గర్భిణి పొట్టలా ముందుకు వచ్చింది. ఒక ఇటుక జారింది. రెండోది జారింది. చిన్నదాన్ని చంకనెత్తుకుని, పెద్దదాని రెక్క పట్టుకుని బయటపడ్డాను. మేము వాకిలి దాటగానే గోడ కూర్చుంది. కూలలేదు, అలిసిపోయిన ముసలిదానిలా మెల్లగా కూర్చుంది. వరుసలో ఒక్క ఇల్లూ నిలవలేదు.

ఎక్కడికి పోవాలి? వానలో బండి కింద కూడా నీళ్లే. కాళ్లు వాటంతట అవే గట్టెక్కాయి.

మా అత్త తలుపు తీసి పెట్టే ఉంచింది. లోపల ఒక్క చుక్క కారడం లేదు. నేల పొడిగా, పొయ్యి మీద ఏదో ఉడుకుతూ ఉంది. పిల్లల తల తుడిచింది. పెద్దది "నీళ్లు" అన్నది. అత్త నా దిక్కు చూసింది.

"నీ సెంబు తెచ్చుకున్నవా బిడ్డ? ఈడ అందరికి ఒక్కటే సెంబు."

అది నేను మేకుకు తగిలించిన సత్తు చెంబే. నిప్పు లేచిన రోజు కాలిన గుంజ పక్కన బూడిదలో పడి ఉంటే ఆమె తెచ్చుకుని తోముకుంది. అంచు దగ్గర సొట్ట పడింది. నా పిల్ల గటగటా తాగుతుంటే ఆపడానికి నా చేయి సగం లేచింది. అది మా అత్త చూసింది. తర్వాత ఆ చెంబు నాకు అందించింది. తాగాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

మా ఆయన మాత్రం బయట చూరు కింద తడుస్తూ నిలబడ్డాడు.

"వాన నీకేమన్న సుట్టమారా? లోపటికి రా" అన్నది తల్లి.

"అవ్వా, ఇల్లు పోయింది. నువ్వు జెప్పినట్టే పోయింది. నువ్వే కట్టియ్యాలె."

"నాకేం పని? నేనా ఇంట్లకు రానని నువ్వే మాటిచ్చినవ్ గదరా, తల ఊపి."

ఆయన ఏడ్చాడు. వాన కాబట్టి ఏడ్చింది తెలియలేదని ఆయన అనుకుంటాడు. "తప్పయింది. నువ్వస్తెనే కడుత. రాకుంటే మేం గూడ ఈడనే ఉంటం."

"ఇప్పుడు గాదు. రేపు తెల్లారినంక, అందరి ముందట అడుగు. ఆ తల అందరి ముందటనే ఊపినవ్."

తెల్లారి అందరి ముందే అడిగాడు. పక్కింటివాళ్లు గొణగడానికి నోరు తెరవబోయారు గానీ, వాళ్ల పిల్లల మొహాల మీద కూడా మడ్డి చారలే. గర్భిణి మాత్రం ముందుకు వచ్చి, "అవ్వా, ముందుగాల నా ఇల్లు జెయ్యి. నాకు దినాలు దగ్గరవడ్డయ్" అన్నది. మొదట ఆమె ఇల్లే చేశాం.

మా ఆయన పోయి మేస్త్రి సాబ్‌ను బతిమిలాడి తీసుకొచ్చాడు. ఆయన మా అత్తను చూసి, "చెల్లె, ఇంక బతికే ఉన్నవా?" అన్నాడు.

"నువ్వు పోలే గద, నేనెట్ల పోత?" అన్నది ఆమె.

పాత ఇటుకలన్నీ కాలువలో కడిగాం. కడిగే కొద్దీ నీళ్లు నల్లబడి, చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి. సున్నం కోసం తొమ్మిదిండ్లవాళ్లం బట్టీ దగ్గర పని చేసి, కూలికి బదులు సున్నమే తెచ్చుకున్నాం. గానుగ లేదు కాబట్టి బండ మీద రోకళ్లతో దంచాం. మా అత్త పీట మీద కూర్చుని, ప్రతి వాయీ మొండి వేళ్లతో నలిపి, చెవి దగ్గర పెట్టుకునేది. "ఇంక కాలే. దంచు." మళ్లీ దంచేవాళ్లం. "ఇంక కాలే." మా ఆయన అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. ఎంత అడిగినా ఆమె ఒక్క వాయి కూడా తొందరగా ఒప్పుకోలేదు. బెల్లం నీళ్లు మాత్రం తన చేత్తోనే చిలకరించింది, పిల్లలకు దిష్టి తీసినంత కొంచెంగా. వానల నడుమ ఎండ కాసిన రోజుల్లోనే కట్టాం. దసరా దాటేదాకా పట్టింది.

చలి మొదలయ్యాక సంఘం లారీ మళ్లీ వచ్చింది. పెద్దాయన దిగి, నిలబడిన గోడలు చూసి మురిసిపోయాడు. "చూశారా! అందరూ కూలిపోతాయన్నారు!" అని గోడను తట్టాడు. ఫోటో మనిషి మా ఇంటి ముందు మూడుకాళ్ల పీట పెట్టాడు. మా అత్త గడప మీద కూర్చుని చిన్నదాని తల దువ్వుతోంది.

"అమ్మా, కొంచెం పక్కకు జరుగుతారా?"

సమాధానం చెప్పింది మా ఆయన. "మా అవ్వ జరగదు సార్. ఈ గోడ ఆమెది. మీరు కట్టిన గోడ కావాల్నంటే కాలువల ఉన్నది, పోయి దిగుండ్రి."

ఆయన మొహం ఎర్రబడింది. తట్టిన అరచేతిని జేబురుమాలుతో తుడుచుకున్నాడు. గోడ ఎవరిదో తెలిశాక తుడుచుకున్నాడు, ముందు కాదు. నాకు వాళ్లను తలచుకుంటే ఇప్పటికీ గుర్తొచ్చేది ఆ రుమాలే. వెళ్లి ఇంకొక ఇంటి ముందు ఫోటో తీసుకున్నారు. మేము చప్పట్లు కొట్టలేదు.

అంతకుముందు, ఇల్లు పూర్తయి మా అత్త గట్టు దిగి వచ్చిన రోజు ఆమె సామాను మొత్తం ఒక బొంత, కాగితం డబ్బా, ఆ సత్తు చెంబు. గడపలో నిలబడి ఇల్లంతా చూసింది. చెంబు చేతిలో పట్టుకుని, చాలా మామూలుగా అడిగింది.

"దీనికి మేకు ఏడ కొడుదాం బిడ్డ?"

"మేకు వద్దత్తా" అని తీసుకుని, కడిగి, మా చెంబుల వరుసలో బోర్లించాను.

అక్కడితో నేను మంచిదాన్ని అయిపోయానని చెబితే అబద్ధం అవుతుంది. మా అత్త ఆ ఇంట్లో ఏడేండ్లు బతికింది, మా మధ్యనే తిని, మా మధ్యనే పోయింది. గోడలు ఒక్క పెచ్చు కూడా రాలలేదు. కానీ మొదటి ఏడంతా, దాహం వేసి చెంబుల వరుసలోకి చేయి పెట్టినప్పుడు, నా వేళ్లు సొట్ట కోసం వెతికేవి. తగలగానే దాన్ని దాటి పక్క చెంబు తీసుకునేవి. ఎవరూ చూడలేదు. ఆమె చూసిందేమో తెలియదు. ఐదు వేళ్లూ నిండుగా ఉన్న చేయి నాది.